కృష్ణకు అవతలి ఒడ్డు

మాది కొత్తకోట. హైవే మీద పెబ్బేరు దాటి, బీచుపల్లి వద్ద కృష్ణను, అటుపైన తుంగభద్రను దాటితే కర్నూలు. పొద్దున వెళ్లి పని చూసుకుని మాపటికి ఇల్లు చేరేంత దగ్గర. కానీ 1800 అక్టోబరులో తుంగభద్ర, అది కలిసిన తర్వాత కృష్ణ సరిహద్దయ్యాయి. తన కోసం ఉంచుకున్న ఈస్టిండియా కంపెనీ పటాలాల ఖర్చు కింద నిజాం దక్షిణాది జిల్లాలను కంపెనీకి రాసిచ్చాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కింద సాగింది.

బడిలో చరిత్ర చెప్పినన్నాళ్లూ పిల్లలకు ఈ గీతనే ముందు చూపించేవాణ్ణి. ఇవతల ఉండిపోయిన వనపర్తి, గద్వాల దొరలు నిజాంకు పేష్కష్ కట్టుకుంటూ సంస్థానాధీశులుగా నిలిచారు. మా వనపర్తి మొదటి రామేశ్వరరావు సొంత సైన్యం పెట్టి, అందులో ఆఫ్రికా మూలాలున్న హబ్షీల గుర్రపు దళాన్ని కూడా నడిపాడు. అవతల కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోను సీమ రైతు నేటికీ మంచిగా తలుచుకుంటాడు, అందుకు కారణాలూ ఉన్నాయి. అయితే సుమారు 80 మంది పాలెగాళ్ల ఆయుధాలు, అధికారం ఊడబెరికి, లొంగినవాళ్లను పింఛనుకు కట్టేసింది కూడా ఆయనే. ఏ వ్యాపారికీ తన గల్లాపెట్టె పక్కన మరొకడు కత్తి పట్టుకుని కూర్చోవడం గిట్టదు.

ఆ పాలెగాళ్ల వంశంలో పుట్టిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు ముట్టే పింఛను 11 రూపాయల 10 అణాల 8 పైసలు. దాని కోసమే ఆయన కంపెనీ మీద తిరగబడ్డాడనే మాట నాకు మింగుడుపడదు. ఆయన వెంట నడిచిన కట్టుబడులను చూడండి. ఊరి కావలి కాసే బంట్లు వాళ్లు. జీతానికి బదులు ఇనాం చేను, అది తండ్రి నుంచి కొడుకుకు వచ్చేది. 1846లో, చనిపోయిన కట్టుబడుల చేలను కంపెనీ వారసులకు దక్కనివ్వకుండా లాక్కుంది. రాత్రంతా ఊరు కాసినవాడి కొడుకుకు తెల్లారేసరికి దున్నుకోను చేను లేదు. వాళ్లు రెడ్డి గడప తొక్కారు.

జూలైలో కోయిలకుంట్ల ఖజానా కొట్టారు. దొరికింది 805 రూపాయల 10 అణాల 4 పైసలు. అణా పైసలతో సహా లెక్క రాసుకున్నారు కంపెనీ గుమాస్తాలు! ఆ పైన గిద్దలూరు వైపు పోరు, నల్లమల కొండల్లో దాగుడు. అడవి తెలిసినవాణ్ణి కంపెనీ సిపాయిలు నెలల తరబడి వెతికారు. తల మీద వెల కట్టారు. చివరికి అక్టోబరు 6న పేరుసోముల జగన్నాథ కొండ మీద పట్టుకున్నారు.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జుర్రేరు ఒడ్డున, వేలమంది చూస్తుండగా, కలెక్టరు కాక్రేన్ ఎదుట ఉరి తీశారు. తలను అక్కడి కోట మీద వేలాడదీశారు. 1858లో కంపెనీ పాలనే పోయింది. తల మాత్రం 1877 దాకా అక్కడే ఉంది. ఆ తర్వాత బ్రిటన్ రాణి పేరిట ఏలినవాళ్లలో ఒక్కడికీ పందొమ్మిదేళ్లపాటు దాన్ని దించాలనిపించలేదు.