ముఖదూషిక నుంచి ఐసోట్రెటినోయిన్ దాకా: కావేరిపట్టణం ప్రాంతంలో మొటిమల చికిత్స

తమిళనాడులో దక్షిణ పినాకిని నది ఒడ్డున ఉన్న కావేరిపట్టణం 1965 వరకు సేలం జిల్లాలోనూ, ఆ తరువాత ధర్మపురి జిల్లాలోనూ ఉండి, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. ఈ మార్పులకూ యౌవనంలో ముఖాన లేచే మొటిమలకూ సంబంధం లేనట్లు తోచవచ్చు గాని, జిల్లా కేంద్రం ఎక్కడుంటే పెద్దాసుపత్రి, దాని వెనుక వైద్య కళాశాల, అందులో చర్మవ్యాధుల విభాగం అక్కడికే వస్తాయి కనుక, ఈ ఊరి తెలుగు, తమిళ కుటుంబాలకు చర్మవైద్యుడు ఎంత దూరంలో ఉండాలన్నది చాలావరకు ఆ మార్పులే నిర్ణయించాయి. మొటిమలకు మందులు కనిపెట్టిన చరిత్ర ఒక వేగంతో నడవగా, వైద్యుడు చేరువైన చరిత్ర అంతకంటే చాలా నెమ్మదిగా నడిచింది. ఆ రెండింటి నడుమ ఏర్పడిన ఎడంలోకి మందుల దుకాణం వచ్చి కూర్చుంది.

ఈ వ్యాధిని భారతీయ వైద్యం చాలా పూర్వమే గుర్తించింది. సుశ్రుత సంహిత దీనిని క్షుద్రరోగాలలో, అంటే చిన్న రోగాల వర్గంలో, ముఖదూషిక అనే పేరుతో చేర్చి, కఫ వాత రక్తాల దోషం వల్ల యువతీయువకుల ముఖాన బూరుగు ముళ్ళ వంటి పొక్కులు లేస్తాయని వర్ణించి, వమనాన్నీ, వస, లొద్దుగ చెక్క, సైంధవ లవణం, ఆవాలు కలిపి నూరిన లేపనాన్నీ చికిత్సగా చెప్పింది. యౌవనంతో దీనికి గల సంబంధాన్ని అంత సూటిగా పట్టుకోవడం గమనించదగినదే. ఇళ్ళలో మాత్రం పసుపు, వేపాకు, గంధం పూయడంతో పాటు ఒంట్లో వేడి తగ్గించాలన్న నమ్మకమే ప్రధానంగా నిలిచింది. మామిడి తోటలకు పేరుపొందిన ఈ జిల్లాలో వేసవిలో లేచే ప్రతి పొక్కుకూ మామిడిపండునే తప్పుపట్టడం సహజంగా జరిగింది. మామిడిని విడిగా దోషిగా నిలబెట్టే గట్టి ఆధారం లేదు. అయితే రక్తంలో చక్కెరను త్వరగా పెంచే ఆహారం తగ్గించిన యువకులలో మొటిమలు కొంత తగ్గినట్లు ఆస్ట్రేలియాలో జరిగి 2007లో ప్రచురితమైన పరిశోధన చూపింది కాబట్టి, తిండికి ఏ పాత్రా లేదని కొట్టివేయడం కూడా తొందరపాటే అవుతుంది.

ఐరోపాలో పందొమ్మిదో శతాబ్ది తొలి దశకాలలో లండన్ వైద్యులు రాబర్ట్ విల్లన్, థామస్ బేట్‌మన్ చర్మవ్యాధులను రూపాన్ని బట్టి వర్గీకరించే పని చేపట్టారు; ఆ శతాబ్ది చివర సబురో, ఉన్నా అనే చర్మవైద్యుల వంటివారు మొటిమలలో ఒక సూక్ష్మజీవిని చూశారు. వృషణాలు లేని పురుషులకు మొటిమలు రావనీ, టెస్టోస్టెరాన్ ఇస్తే వస్తాయనీ 1941లో జేమ్స్ హామిల్టన్ చూపిన తరువాత హార్మోన్ల పాత్ర స్థిరపడింది. నేటి అవగాహన ప్రకారం నాలుగు ప్రక్రియలు కలిస్తే మొటిమ ఏర్పడుతుంది: పురుష హార్మోన్ల ప్రేరణతో చర్మంలోని తైలగ్రంథులు సీబమ్ అనే జిడ్డును అధికంగా స్రవించడం, రోమకూపం నోటిని మృతకణాలు పూడ్చివేయడం, ఆ మూసుకున్న చోట క్యూటీబాక్టీరియం ఆక్నీస్ అనే సూక్ష్మజీవి పెరగడం, వీటన్నిటికీ శరీరం వాపుతో స్పందించడం. ముఖం సరిగా కడుక్కోకపోవడం ఈ నాలుగింటిలో లేదన్నది పిల్లలను రోజుకు పదిసార్లు సబ్బు రుద్దమనే పెద్దలకు ఇప్పటికీ చేరవలసిన విషయం.

ఇదంతా తెలుస్తున్న కాలంలో భారతీయ చర్మవైద్యం వేరే పనిలో మునిగి ఉంది. 1935లో బొంబాయిలో మొదలైన ఈ రంగపు తొలి పత్రిక సుఖవ్యాధుల పత్రిక. 1955లో చెంగల్పట్టులోనూ, వేలూరు సమీపాన కరిగిరిలోనూ వెలసినవి కుష్ఠు పరిశోధన సంస్థలు. 1973లో రెండు సంఘాలు కలిసి ఏర్పడిన జాతీయ సంఘం పేరులోనే చర్మ, సుఖవ్యాధులతో పాటు కుష్ఠు కూడా ఉంది. చేతివేళ్ళు పోగొట్టుకుంటున్న రోగులు వరుసలో నిలబడిన చోట మొటిమలకు ప్రాధాన్యం దక్కకపోవడాన్ని తప్పుపట్టలేము. కానీ చర్మవైద్యుని దగ్గరికి వెళ్ళడమంటే ఏదో దాచవలసిన రోగం ఉన్నట్లేనన్న సంకోచం ఆనాటి నుంచే జనంలో పాతుకుపోయిందని ఊహించవచ్చు.

మొటిమలకు నోటి ద్వారా తీసుకునే తొలి బలమైన మందు వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడు. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్న కాలంలోనే, అక్కడ పనిచేసిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. సుబ్బారావు మరణించిన 1948లోనే ప్రకటితమైన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటిది. 1950ల నుంచి ఈ కుటుంబపు మందులు మొటిమల చికిత్సలో స్థిరపడ్డాయి. తరువాత వచ్చిన డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ నేటికీ వాడుకలో ఉన్నాయి. ఇవి క్రిములను అణచడమే కాక వాపును కూడా తగ్గిస్తాయి. అయితే యాంటీబయాటిక్‌లను ఏళ్ళ తరబడి వాడడంతో లొంగని క్రిములు పుట్టుకొచ్చినందున, మూడు నాలుగు నెలలకు మించి ఇవ్వకుండా, క్రిములకు నిరోధం అలవడనీయని బెంజాయిల్ పెరాక్సైడ్ పూతను జతచేయడం ఇప్పటి పద్ధతి.

రోమకూపం పూడికను తొలగించే మందు 1969లో వచ్చింది. విటమిన్ ఎ ఆమ్లమైన ట్రెటినోయిన్ పూత ఫలితాలను ఫిలడెల్ఫియా వైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్, ఆయన సహచరులు ఆ ఏడాది ప్రచురించారు. అదే క్లిగ్మన్ హోమ్స్‌బర్గ్ జైలు ఖైదీల చర్మంపై సాగించిన ప్రయోగాలు వైద్యనీతి చరిత్రలో మాయని మచ్చగా మిగిలాయన్నది కూడా ఈ కథలో భాగమే. ఆ తరువాతి మలుపు ఐసోట్రెటినోయిన్ మాత్ర: 1979లో గ్యారీ పెక్ బృందం ఇతర మందులకు లొంగని తీవ్రమైన మొటిమలున్న 14 మందికి దానిని ఇవ్వగా, 13 మందిలో అవి పూర్తిగా తగ్గి, చికిత్స ఆపిన తరువాత కూడా ఆ ఫలితం నిలిచింది. 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మాత్ర నాలుగు ప్రక్రియల మీదా పనిచేస్తుంది. గర్భంలోని శిశువుకు తీవ్రమైన వైకల్యాలు కలిగిస్తుంది కాబట్టి స్త్రీలు వాడేటప్పుడూ, ఆపిన తరువాత నెల వరకూ గర్భం రాకుండా చూసుకోవడం తప్పనిసరి. కాలేయ పరీక్షలు, రక్తంలోని కొవ్వుల పరీక్షలు కూడా అవసరమవుతాయి. ఎవరో చెప్పగా కొని మింగే మాత్ర కాదిది.

1982 నాటికే, అంటే సేలంలో ప్రభుత్వ వైద్య కళాశాల రావడానికి నాలుగేళ్ళ ముందే, ముఖ్యమైన మందులన్నీ సిద్ధంగా ఉన్నాయి. కావేరిపట్టణం వాసికి నిపుణుడు కావాలంటే వేలూరు, బెంగళూరు, మద్రాసు దారి పట్టవలసిన ఆ కాలంలో, ఊరి దుకాణంలో చీటీ లేకుండా దొరికే పూతమందులకు గిరాకీ ఏర్పడింది. వాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు, అనగా వాపును త్వరగా అణచే హార్మోను వర్గపు మందులు, ఉండేవి. పూసిన కొద్ది రోజులకే ఎరుపు తగ్గి ముఖం తెల్లబడినట్లు కనిపిస్తుంది. నెలలు గడిచాక చర్మం పలచబడి, నెత్తురు గీతలు తేలి, మొటిమలు ముందుకంటే ఉధృతంగా లేస్తాయి, పూత మానితే మరీ మండుతాయి. దేశంలోని 12 కేంద్రాలలో జరిపి 2011లో ప్రచురించిన పరిశీలనలో, చర్మవైద్యుల వద్దకు వచ్చిన 2,926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నట్లు తేలింది. వారిలో సుమారు అరవై శాతం మందికి ఆ సలహా ఇచ్చినది వైద్యుడు కాదు. కలిగిన హానులలో మొదటి స్థానం మొటిమలదే. పైపూతలకు అంతవరకు ఉన్న మినహాయింపును తొలగించి, 14 స్టెరాయిడ్ పూతలను వైద్యుని చీటీ మీదనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్‌లోకి కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో తెచ్చింది. ఈ దిద్దుబాటు చాలా ఆలస్యంగా వచ్చింది.

మొటిమలు యుక్తవయసుతోనే పోతాయన్న అభిప్రాయం కూడా ఈ మధ్యనే సడలింది. పాతికేళ్ళు దాటిన స్త్రీలలో దవడ వెంట మొటిమలు నిలిచిపోతే, నెలసరి తప్పడం, అవాంఛిత రోమాలు వంటి లక్షణాలను వైద్యుడు అడిగి తెలుసుకుని, అండాశయాల హార్మోను దోషమైన పీసీఓఎస్ ఉందేమో పరీక్షిస్తాడు. పెద్దయ్యాక కూడా మొటిమలు నిలిచిన స్త్రీలకు పనికివచ్చే స్పైరోనోలాక్టోన్ మాత్ర ప్రయోజనాన్ని బ్రిటన్‌లో జరిగి 2023లో ప్రచురితమైన పెద్ద పరిశోధన ధ్రువీకరించింది. ఇక ఇదే జిల్లాలో 1970ల నుంచి పరిశ్రమల పట్టణంగా ఎదిగిన హోసూరు వంటి చోట మరొక ప్రశ్న కూడా అడగాలి: లోహాన్ని కోసే యంత్రాల నూనె తడిసిన బట్టలు రాసుకునే ముంజేతుల మీద, తొడల మీద లేచే పొక్కులు నూనె మొటిమలు కావచ్చు, వాటికి మందు కంటే ముందు బట్టల మార్పు, రక్షణ తొడుగు అవసరం.

2008లో ధర్మపురిలోనూ, 2022 జనవరిలో కృష్ణగిరిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాక దూరం అనే అడ్డంకి చాలావరకు తీరింది. మిగిలినది కాలం. పూతలు పనిచేయడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మొదటి వారాలలో చర్మం పొడిబారి మొటిమలు పెరిగినట్లు కూడా కనిపించవచ్చు, తగ్గిన తరువాత కూడా అడాపలీన్ వంటి పూతను నెలల పాటు రాత్రిళ్ళు కొనసాగించాలి, గుంటలు పడిన మచ్చలకు సూదులతోనో లేజర్‌తోనో చేసే చికిత్సను మొటిమలు అణిగాకనే మొదలుపెట్టాలి. మొదటి చీటీ రాసే రోజునే ఈ లెక్కను విడమరిచి చెప్పకపోతే, మూడో వారానికి ఆ రోగి తిరిగి దుకాణం మెట్లెక్కుతాడు.