శాతవాహనుల ఆధిక్యం: ప్రాచీన రచయితల దృక్పథాలు

క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ నగరరాజ్యం గ్రీకు లోకంలో ఆధిపత్యం సాధించిన తీరును థూసిడైడిస్ కారణాలతో సహా వివరించాడు. మిత్రరాజ్యాలలో అధికభాగం నౌకలకు బదులు ధనం చెల్లించడానికి ఇష్టపడ్డాయి. ఆ ధనంతోనే ఏథెన్స్ నౌకాబలం పెరిగిందని ఆయన విశ్లేషణ. దక్కనులో శాతవాహనుల ఎదుగుదలకు అటువంటి చరిత్రకారుడు లేడు. వేర్వేరు ప్రయోజనాల కోసం పుట్టిన ఆధారాలే మనకు దిక్కు.

మత్స్య, వాయు పురాణాల రాజవంశావళులు ఆంధ్రజాతీయుడొకడు కణ్వ వంశపు చివరి రాజు సుశర్మను తొలగించి రాజ్యం చేపట్టాడని చెబుతున్నాయి. ఇతడినే పండితులు శిముకుడిగా గుర్తించారు. మగధ రాజ్యవారసత్వాన్ని వరుసగా చెప్పడం పురాణకర్తల ఉద్దేశం. అందువల్ల దక్కనులో ఎదిగిన శక్తి వారి కథనంలో మగధ చరిత్రకు కొనసాగింపుగానే కనిపిస్తుంది.

క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రులకు 30 ప్రాకార నగరాలు, 1,00,000 పదాతిదళం, 2,000 అశ్వదళం, 1,000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. ఈ సంఖ్యలను శాతవాహనుల సైనికబలంగా ఉదహరించడం పరిపాటి. కాని ప్లినీ ఏ రాజునూ, ఏ వంశాన్నీ పేర్కొనలేదు. ఈ సమాచారానికి మూలం మౌర్యుల కాలపు మెగస్తనీస్ అని పలువురు పండితుల అభిప్రాయం. అదే నిజమైతే, ఇది శాతవాహనులకు ముందున్న ఆంధ్రుల స్థితికి సాక్ష్యమవుతుంది.

నాసిక్‌లోని గౌతమీ బాలశ్రీ శాసనం ఆమె కుమారుడు గౌతమీపుత్ర శాతకర్ణిని శక, యవన, పహ్లవులను నిర్మూలించినవాడిగా, శాతవాహన కులకీర్తిని పునఃప్రతిష్ఠించినవాడిగా కీర్తించింది. ప్రశస్తి అయినప్పటికీ ‘పునఃప్రతిష్ఠ’ అన్న మాటలో అంతకుముందు జరిగిన నష్టం ధ్వనిస్తుంది. జోగల్‌తంబిలో దొరికిన నహపాణుడి నాణేలలో వేలాదిగా గౌతమీపుత్రుడు తిరిగి ముద్రించినవి ఉండడం ఈ విజయాన్ని ధ్రువపరుస్తోంది. వంశావళులు ‘ఆంధ్ర’ అంటే, శాసనాలు ‘శాతవాహన’ అన్నాయి. రాజుల పేర్ల సామ్యమే ఈ రెండింటినీ కలిపింది.

జగిత్యాల జిల్లా కోటిలింగాలలో శిముకుడి నాణేలతోపాటు గోభద, నారన, సమగోప మొదలైన స్థానిక పాలకుల నాణేలు లభించాయి. గోదావరి తీరంలో స్థానికాధికారం ముందే రూపుదిద్దుకుందని ఇవి తెలుపుతున్నాయి. ఒక రాజును కూల్చడంతోనే ఆధిక్యం మొదలైందన్న అభిప్రాయాన్ని ఇవి సడలిస్తున్నాయి.

పురాణం వారసత్వాన్ని, ప్లినీ బలగాన్ని, ప్రశస్తి విజయాన్ని చెప్పాయి. ఆధిక్యానికి కారణాన్ని వీటిలో ఏదీ నేరుగా చెప్పలేదు. వీటిని కలిపి ఒకే గాథగా అల్లడానికి ముందు, ఏ ఆధారం ఏ కాలానికి, ఏ ప్రయోజనానికి చెందిందో నిర్ధారించుకోవడం ఆంధ్రుల తొలి చరిత్ర రచనకు అత్యావశ్యకం.