రోగి ఏల చిక్కిపోవును?

‘క్షయ’ యనగా తరుగుట. ఆ వ్యాధికి పేరు పెట్టిన పెద్దలు రోగి యొంటిని చూచియే పెట్టిరి. గ్రీకుల ‘కకెక్సియా’యును అట్టిదే, దానికి దుస్థితి యని యర్థము. ఒడలు ఏల కరగునని యడిగిన, రోగికి అన్నము సయింపదనియో, క్రిమి వాని సారమును పీల్చుచున్నదనియో చిరకాలము చెప్పుకొనిరి. మొదటి మాటలో నిజము లేకపోలేదు. రెండవదానిని కదలించినవి కెన్యాలోని పశువులు.

ట్రిపనోసోమా యను పరాన్నజీవి సోకిన ఆ పశువులు ఎముకల గూళ్లగుచుండెను. కాని వాని నెత్తుటిలో ఆ జీవులు బహు కొద్దిగా నుండెను. ఇంత స్వల్పమైన శత్రువు అంత పెద్ద పశువును ఎట్లు తినివేయగలదు? న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు ఆంథొనీ సెరామీ ఈ చిక్కును పట్టుకొనెను. 1980 నాటి ఆయన ప్రయోగములలో అట్టి వ్యాధియే సోకిన కుందేళ్లు శల్యములగుచుండగా, వాని రక్తము మాత్రము కొవ్వుతో నిండియుండెను. వాకిట ధాన్యపు బండ్లు నిలిచియుండ ఇంట పస్తులున్నట్లు! రక్తములోని కొవ్వును కణజాలమునకు చేర్చు ఎంజైము అణగిపోవుటయే కారణము. దానిని అణచునది క్రిమి కాదు. శరీరరక్షణకై యున్న మాక్రోఫేజి కణములు విడుచు ఒక ప్రోటీను. 1985లో బ్రూస్ బ్యూట్లరు, సెరామీ దానిని శుద్ధిచేసి ‘కాకెక్టిన్’ అనిరి. తీరా చూడగా, 1975లో న్యూయార్కులోనే మరియొక బృందము, కణితులను చంపునని మెచ్చి ‘ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టర్’ అని పేరిడిన పదార్థమును ఇదియు ఒకటియే!

ఆ 1985లోనే ఉగాండాలోని రకాయి ప్రాంతపు వ్యాధి లోకమునకు తెలిసెను. మనుష్యులు నెలల తరబడి సన్నగిల్లి చనిపోవుచుండుటచే జనులు దానిని ‘స్లిమ్’ అనిరి. అది హెచ్.ఐ.వి. వైరస్ పని. వైరస్ వ్యాధులలోను కాకెక్టినే దోషియని తలచుట సహజము. వియన్నా శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిన ప్రయోగములు ఆ తలపును సవరించినవి.

వారు ఎలుకలకు ఎల్.సి.ఎం. అను వైరస్‌ను, దీర్ఘకాలము నిలుచు రకమును, సోకించిరి. ఎలుకలు చిక్కినవి. క్యాన్సరు రోగుల కృశింపులో పేరుమోసిన సైటోకైనులు ఇచట నిర్దోషులని తేలెను. సి.డి.8 టి-కణములను తొలగించినప్పుడు మాత్రము ఎలుకలు చిక్కలేదు. ఈ కణములు ఇంటర్‌ఫెరాన్ సందేశము నందుకొని మేల్కొనగా, వాని సైన్యము పూర్తిగా పెరుగక మునుపే కొవ్వు నిల్వలు కరగ నారంభించెను. ఇందు నాకు వింతగా తోచు సంగతి యొకటి యున్నది. టి-కణములు వైరస్ సోకిన కణములను గుర్తించు విధమును డొహర్టీ, జింకర్‌నాగెల్ 1970లలో కాన్‌బెరాలో కనిపెట్టినది ఈ వైరస్ సోకిన ఎలుకలలోనే. అందులకు వారికి 1996లో నోబెల్ బహుమానము వచ్చెను. అంత పేరుపొందిన కావలివాడే గాదెను ఖాళీచేయుచున్నాడని తెలియుటకు నలుబది యేండ్లకు పైగా పట్టినది.

ఇక వైద్యుడేమి చేయవలెను? కావలివానిని కట్టివేసిన వైరస్ చెలరేగును. కీళ్లవాతమునకు ట్యూమర్ నెక్రోసిస్ ఫాక్టరును అడ్డు మందులు వాడినవారిలో అణగియున్న క్షయ తిరిగి లేచుట వైద్యు లెరిగినదే. హెచ్.ఐ.వి. విషయమున వైరస్‌నే అణచు మందులు ఈ చిక్కును చాలవరకు తప్పించినవి. వియన్నా ఎలుకలు మాత్రము కొన్నాళ్లకు తమంతట మరల బరువెక్కెను.