పెనుకొండ నీడన పూలతోటలు

ఉగాదికి ముందు ఒక శని, ఆదివారం తీరిక చేసుకోగలిగితే సోమందేపల్లి దారి పట్టండి. హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి మీద పెనుకొండ దాటి దక్షిణంగా కాస్త దూరం పోతే వచ్చే మండల కేంద్రమిది. రోజూ వేలాది వాహనాలు ఆ ఊరి పక్కనుంచే బెంగళూరుకు పరుగెత్తుతాయి. అందులో ఉన్నవాళ్లకు కనిపించేది ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం, ఎండిన గుట్టలు, తుమ్మచెట్లు. పెద్ద రోడ్డు దిగి హిందూపురం వైపో, గోరంట్ల, చిలమత్తూరు వైపో మళ్లినవాళ్లకే పూలతోటలు కనిపిస్తాయి. కనకాంబరం, బంతి, చామంతి, మల్లె, బటన్ రోజా. కాశ్మీరు తులిప్ తోటలా కనుచూపు మేర ఒకే రంగు పరుచుకుని ఉండదు. వేరుశనగ పీకేసిన బీడు పక్కన అరెకరం, మల్బరీ తోట వెనక ఎకరం, అంతే. వెతుక్కుంటూ చూడాలి. నాకు అదే ఇష్టం. ఇక్కడ తోట వేసింది చూసేవాళ్ల కోసం కాదు, ఇల్లు గడవడానికి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే పాత అనంతపురం జిల్లాలో పూలేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. పూలకు రెండే కావాలి: పాదులో తడి, ఎండకు వాడేలోగా కొనే నగరం. ఈ రెండింటి కోసం పెనుకొండ సీమ పడిన పాట్లకు ఆరువందల ఏళ్ల చరిత్ర ఉంది.

నీళ్లతో మొదలుపెడదాం. ఇప్పుడు కర్ణాటకలో ఉన్న గౌరీబిదనూరు తాలూకాలో 1388 నాటి శాసనం ఒకటి దొరికింది. అప్పటి విజయనగర చక్రవర్తి రెండో హరిహరరాయలు. ఆయన కొడుకు బుక్కరాయలు పెనుకొండలో ఉండి ఈ సీమను పాలిస్తున్నాడు. ప్రాణులకు నీళ్లే ప్రాణం కాబట్టి పెన్నా నదిని పెనుకొండకు తీసుకురమ్మని జలసూత్ర నిపుణుడైన సింగయభట్టును ఆజ్ఞాపించాడు. సింగయభట్టు సిరువెర చెరువు దాకా కాలువ తవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ అని రాజు పేరే పెట్టి, శాసనం వేయించాడు. రాజుల దానాలు చెప్పే శాసనాలు లెక్కలేనన్ని ఉన్నాయి. కాలువ తవ్విన ఇంజనీరును పేరుతో సహా గుర్తుపెట్టుకున్నవి అరుదు. పెనుకొండ చరిత్ర చెప్పేవాళ్లు కోటగోడల దగ్గర మొదలుపెడతారు. నేనైతే సింగయభట్టు దగ్గర మొదలుపెడతాను.

ఇక నగరం. 1443లో హీరాత్ నుంచి షారుఖ్ దూతగా వచ్చిన అబ్దుర్ రజాక్ రెండో దేవరాయల కాలంలో విజయనగరం చూశాడు. అక్కడి బజారుల్లో ఎటు చూసినా గులాబీలు అమ్మడం ఆయనకు వింతగా తోచింది. ఈ జనం గులాబీలు లేకుండా బతకలేరు, అన్నంతో సమానంగా చూస్తారు అన్న అర్థం వచ్చేలా రాసుకున్నాడు. ఆ బజారుకు పూలు పంపిన తోటమాలుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. వసంతకాలం ఆ నగరానికి పెద్ద పండుగ. కృష్ణదేవరాయలు సంస్కృతంలో రాసిన జాంబవతీ కల్యాణం నాటకం విరూపాక్షుని చైత్రోత్సవానికి ఆడినదే. ఆయన తెలుగు కావ్యం ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు స్వామికి మాలలు కట్టే భక్తుడు, కథానాయిక ఆ మాలను ముందు తాను ముడిచిన అమ్మాయి. పూలంటే ఆ కాలం వాళ్లకు ఎంత పట్టింపో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. నేడు మన గుమ్మాలకు, బండ్లకు, దేవుళ్లకు వేసే బంతిపూలు అబ్దుర్ రజాక్ చూసిన బజారులో ఉండే వీల్లేదు. బంతి పుట్టిల్లు మెక్సికో. పోర్చుగీసువాళ్లు సముద్రం దాటించి తెచ్చాకే, అంటే పదహారో శతాబ్దంలోనే, ఈ నేల మీదికి వచ్చింది. నేల సంపెంగ కూడా అక్కడిదే. చామంతి చైనా వైపు నుంచి వచ్చింది. కనకాంబరం మాత్రం మన ఆడపడుచు. దక్షిణ భారతం, శ్రీలంకలే దాని పుట్టిళ్లు.

1565లో రక్కసి–తంగడి యుద్ధం తర్వాత విజయనగరం పాడుబడింది. అరవీటి తిరుమలరాయలు ధనంతో, పరివారంతో వచ్చి పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. 1592 ప్రాంతంలో రెండో వేంకటపతిరాయలు చంద్రగిరికి తరలేదాకా ఈ కొండ కిందే రాజ్యం నడిచింది. గగన్ మహల్, పార్శ్వనాథుని బసది, బాబయ్య దర్గా చూస్తే ఒక పూట చాలదు. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే లేపాక్షి. పెనుకొండలో కోశాధికారిగా పనిచేసిన విరూపణ్ణ అచ్యుతరాయల కాలంలో కట్టించిన వీరభద్రాలయం అక్కడుంది. కప్పు మీది బొమ్మల్లో ఆడవాళ్ల కొప్పులు, చీరల అంచులు తల ఎత్తి ఓపిగ్గా చూడండి. తర్వాత లతామండపం స్తంభాల మీది లతలూ పూలూ చూడండి. ధర్మవరం పట్టుచీరల అంచుల్లో కనిపించే లేపాక్షి డిజైన్లకు మూలం అవే. పొలంలో పూసిన పువ్వు ఒక్క పూటే ఉంటుంది, రాతిలో చెక్కినది దాదాపు ఐదు శతాబ్దాలుగా ఉంది, మగ్గం మీద అది ఇప్పటికీ పూస్తోంది.

ఫాల్గుణ మాసంలో కదిరిలో నరసింహస్వామి తేరు లాగుతారు. అక్కడి ఉత్సవమూర్తుల పేరే వసంత వల్లభులు. ఆ ఊరి మల్లెకూ కుంకుమకూ ఈ సీమంతా పేరుంది. తేరు రోజు కలిసొస్తే కదిరికీ వెళ్లండి.

మొగలుల కాలంలో పెనుకొండ, మడకశిరకు ఆనుకుని ఉన్న శిరా సుబాలో ఒక పరగణా. శిరా నవాబు దిలావర్ ఖాన్ వేయించిన ఖాన్ బాగ్ తోటను చూసే హైదర్ అలీ 1760లో బెంగళూరు లాల్‌బాగ్‌కు పునాది వేశాడని చెబుతారు. అటునుంచి వెళ్లిన తోట ముచ్చట పెరిగి పెద్దదై, నేడు బెంగళూరు పూలు కొనే మహానగరమైంది. సోమందేపల్లి చుట్టుపక్కల రైతుకు విజయనగరం స్థానంలో ఇప్పుడున్నది ఆ నగరమే. తెల్లవారుజామున కోసిన పూలు పొద్దెక్కేసరికి హిందూపురానికో చిక్కబళ్లాపురానికో చేరతాయి, అక్కడినుంచి కృష్ణరాజేంద్ర మార్కెట్‌కు. ఈ సరిహద్దులో తెలుగూ కన్నడమూ రెండూ వస్తేనే బేరం కుదురుతుంది.

సింగయభట్టు కాలువ స్థానంలో వచ్చింది బోరు. వందల అడుగులు తవ్వినా నీళ్లు పడని బోర్లు ఈ సీమ రైతును ఎంత ముంచాయో అందరికీ తెలుసు. 2003లో మొదలైన సూక్ష్మసేద్య పథకంతో డ్రిప్ పైపులు పొలాల్లోకి వచ్చాక, పడిన కొద్దిపాటి నీటితోనే అరెకరం పూలు పండించడం సాధ్యమైంది. హంద్రీ–నీవా కాలువ కృష్ణా నీటిని పెనుకొండ దగ్గరి గొల్లపల్లి జలాశయం దాకా తెచ్చింది. 1388లో పెన్నను రప్పించిన ఊరికి ఇప్పుడు కృష్ణ వచ్చింది.

తోటలో అన్నిటికంటే ఎక్కువసేపు కనకాంబరం దగ్గర నిలబడండి. వాసన లేదు, బరువు లేదు. కిలో తూగాలంటే వేల పూలు కోయాలి. వెన్ను అడుగునుంచి పైకి వరసగా విచ్చుకుంటుంది, అందుకే రోజు విడిచి రోజు కోత. నడుం వంచి ఒక్కొక్క పువ్వునూ వేళ్లతో లాగేది ఎక్కువగా ఆడవాళ్లే. ముదురు రంగు ఢిల్లీ కనకాంబరానికి గింజ కట్టదు, కొమ్మ నాటాల్సిందే. నులిపురుగు, ఎండు తెగులు దీని శత్రువులు. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ అర్క అంబర, అర్క కనక వంటి రకాలు తెచ్చింది. చామంతిది ఇంకో తీరు. పగలు తగ్గి రాత్రి పెరిగితే గాని మొగ్గ వేయదు. అందుకే సరిహద్దు చామంతి తోటల్లో రాత్రిపూట వరసగా బల్బులు వెలిగిస్తారు. చెట్టుకు పగలు ఇంకా ఉందనిపించి పూతను ఆపి, గిరాకీ ఉన్న పండుగకు అందేలా పూయిస్తారు. రాత్రి ఆ దారిన పోతే వెలుగుతున్న పొలాలు చూడొచ్చు.

ఈ లెక్క తప్పితే రైతుకు నష్టం. పండుగ ముందు రోజు మండుతున్న ధర, మర్నాటికి కోత కూలికి కూడా రాదు. బంతిపూలను మార్కెట్ బయట పారబోసిన రోజులు ఈ రైతులకు కొత్త కాదు. పూలను ఒక రోజు అదనంగా నిలిపే శీతల గదులు మండలానికి ఒకటైనా కట్టడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదని నా గట్టి నమ్మకం. కర్మాగారానికి నీళ్లు, రోడ్లు ఏర్పాటు చేయగలిగినవాళ్లు పూలకు ఒక చల్లని గది కట్టలేరా?

రాత్రి హిందూపురంలోనో పెనుకొండలోనో బస చేసి, కోళ్లు కూసే వేళకు తోట గట్టు మీద ఉండండి. మొగ్గ విచ్చకముందే మల్లె కోసేస్తారు, ఎండెక్కాక వెళితే ఆకులే మిగులుతాయి. యజమానిని అడిగి లోపలికి వెళ్లండి, సాళ్ల మధ్యే నడవండి, డ్రిప్ పైపులు తొక్కకండి, ఫొటో కోసం కొమ్మ వంచకండి. వచ్చేటప్పుడు అక్కడే అరకిలో పూలు కొనండి. మండీ ధర అడగకండి, మీ ఊళ్లో మూరకు మీరిచ్చే లెక్కన ఇవ్వండి.