కాంపౌండులో బల్ల

ఇలా దగ్గరకి జరగండర్రా, పొగ అటేపు పోతోంది. ఆ తాటిమట్ట కొంచెం లోపలికి తొయ్యవే అమ్మలూ. ఒరే, బజార్లో ఎవడో నిన్ను ‘పాలపొడి కిరస్తానీ’ అన్నాడంట, మీ మామ్మ చెప్పింది. దానికి అన్నం మానేసి కూచుంటే ఎలగరా? పాలపొడి తాగేం, నిజమే. నేను తాగేను, మీ చిన్నతాత తాగేడు, మన వీధి వీధంతా తాగింది. దానికోసమే మిషన్ కాంపౌండు గుమ్మం తొక్కేం అంటే మాత్రం ఒప్పుకోను. ముందు ఆ పాలపొడి సంగతి తేల్చేద్దాం, అది చిన్న సంగతి.

అమెరికావాళ్లు 1954లో పి.ఎల్. 480 అని ఒక చట్టం చేసుకున్నారు. వాళ్ల దేశంలో పండి మిగిలిపోయినవి మనలాంటి దేశాలకి పంపడానికి. గోధుమలు, నూక, పాలపొడి ఓడల్లో వచ్చీవి. కొంత బళ్లలో పంచీవారు, కొంత మిషన్ల చేతికి వచ్చీది. డబ్బా మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండీది. కాంపౌండు వంటాయన పెద్ద డేగిసాలో నీళ్లు మరగబెట్టి, పొడి పోసి తెడ్డుతో తిప్పీవాడు. ఎంత తిప్పినా ఉండలు కట్టీది. ఉండ అంగిట్లో అతుక్కుందంటే నాలికతో ఎంత గీకినా ఊడి రాదు. పాలకి మాడు వాసన. అయినా ఆ ఉండ ఎవడి గ్లాసులో పడితే వాడికి ఆ పూట పండగే. వరసలో మనవాళ్లే కాదు, జట్కావాళ్ల పిల్లలు, సాయిబుల పిల్లలు, చాకళ్ల పిల్లలు అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడీవారు. వాళ్లకెవడూ పాలపొడి పేరు తగిలించలేదు. మనకే ఎందుకు తగిలించేరో మెల్లిగా నీకే తెలుస్తుంది.

మన విజయనగరం రాజుల ఊరు. కోట ఉంది, 1857లో మొదలైన మహారాజావారి బడి కాలేజీ అయి ఉంది, 1919 నుంచి సంగీత పాఠశాల ఉంది, గురజాడవారి ఇల్లుంది. ఇవన్నీ పుస్తకాల్లో చదివేను, పిల్లలకి చెప్పేను కూడా. మరి ఇంత ఊరి దొడ్లు తెల్లారేసరికి ఎవరు ఎత్తీవారో ఆ పుస్తకాల్లో నాకెక్కడా కనపడలేదు. మా నాన్నమ్మ ఎత్తీది. మన రెల్లివీధి ఆడవాళ్లంతా ఎత్తీవారు.

వీధి గుమ్మంలోంచి వెళ్లకూడదు. ఇళ్ల వెనక సన్నటి సందు ఉండీది, ఒక మనిషి నడిస్తే రెండు భుజాలూ గోడలకి రాసుకునీవి. గోడ అడుగున చిన్న తలుపు, దాని వెనక రేకుడబ్బా. మా నాన్నమ్మ దగ్గర ఒక రేకుముక్క, చీపురు, బూడిద మూట. గోకి, బూడిద చల్లి, తట్టలోకి ఎత్తుకుని నెత్తిన పెట్టుకుని బండి దాకా మోసీది. వానాకాలం వస్తే తట్ట కారీది. ఆ నెలల్లో ఆవిడ చెవుల్లో దూది పెట్టుకునీది. చలికేమో అనుకునీవాణ్ణి. ఎందుకో తెలిసేసరికి నాకు మీసాలొచ్చేయి.

పండక్కి ఇళ్లవాళ్లు అరిసెలు ఇచ్చీవారు. చేతిలో పెట్టరు, గోడ మీద పెట్టి లోపలికి పోతారు. టీకొట్లో మనకి గ్లాసు బయట గూట్లో ఉండీది. తీసుకుని, తాగి, కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. బల్ల మీద కూచోకూడదు. జీతాల రోజున చెట్టుకింద గొంతుక్కూచోవాలి. బడిలో నన్ను గుమ్మం పక్కన కూచోబెట్టేరు, జల్లు కొడితే పలక మీద రాసిందంతా కారిపోయీది. పొద్దు లెగిసినకాడి నుంచీ పనిచేసే మనిషికి ఊరంతా వెతికినా కాసేపు నడుం వాల్చి కూచోడానికి చోటు లేదు.

అందుకే, కాంపౌండు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది గుడి కాదురా. బల్ల. రైలు స్లీపరు చెక్కలతో చేయించిన బల్ల. ముగ్గురు మనుషులు పట్టినా కదిలీది కాదు. మేకులు పీకేసిన బొక్కలు అలాగే ఉండీవి, వాటిలో మేం చింతగింజలు దాచీవాళ్లం. మా నాన్నమ్మ పని అయ్యేక కాంపౌండు నూతి దగ్గర ఒళ్లు కడుక్కుని వచ్చి ఆ బల్ల మీద కూచునీది. లెగమన్నవాడు లేడు. అంతే. పాలపొడి వచ్చింది ఆ తరవాత చాన్నాళ్లకి.

ఆ బల్ల ఎలగ వచ్చిందో చెప్పాలంటే మా తాత బర్మాలో రంగం, అదే రంగూన్, వెళ్లిన కాడికి పోవాలి.

మన జిల్లాల్లో దొరల మిషన్లు కొత్తవి కావు. 1805లోనే లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగేరు. కెనడా బాప్టిస్టులు ఈ వేపు వచ్చింది 1875లో. తమాషా ఏటంటే, కెనడా తూర్పు తీరం నుంచి బయల్దేరిన ఆ గుంపు మనకోసం రానేలేదు. ముందు సయాం వెళ్లేరు, అక్కడ పని కుదరక ఇటు తిరిగేరు. వాళ్లలో చర్చిల్ దొర, దొరసాని బొబ్బిలిలో ఉన్నారు. ఆర్మ్‌స్ట్రాంగ్ దొర, ఆయన భార్య హన్నా శ్రీకాకుళంలో ఉన్నారు. ఈ ఆర్మ్‌స్ట్రాంగులు తరవాత బర్మా వెళ్లి, అక్కడ తెలుగు కూలీల మధ్య పని చేసేరు. మనవాళ్లు అప్పటికే రంగం రేవులో బస్తాలు మోస్తున్నారు, రిక్షాలు లాగుతున్నారు, ఇక్కడ చేసిన పాకీ పనే అక్కడా చేస్తున్నారు. బర్మావాళ్లు మనల్ని కోరంగీలు అనీవారు. 1930లో రేవు పని కాడ తగువొచ్చి కోరంగీల్ని వీధుల్లో తరిమి తరిమి చంపేరు. మా తాత తెలుగు చర్చిలో దాక్కున్నాడంట. దాక్కున్నచోట ఊరికే కూచోలేక అక్షరాలు దిద్దేడు.

1941 డిసెంబరు 23న రంగం మీద జపానువాడి బాంబులు పడ్డాయి. రేవు ఖాళీ అయిపోయింది. ఓడలో చోటు దొరికినవాడు ఓడెక్కేడు, దొరకనివాడు కొండలు దాటి నడిచేడు. మా తాత నడిచేడు. ఆ నడక గురించి ఎంత అడిగినా చెప్పీవాడు కాదు. ‘అడక్కురా, దారి పొడుగునా మనోల్లే పడున్నారు’ అని ఊరుకునీవాడు. 1942లో ఇంటికి చేరేసరికి ఆయన చేతిలో ఒక గొడుగు, ఒక కీర్తనల పుస్తకం ఉన్నాయంట. వచ్చిన ఏడే ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడా బాంబులు పడ్డాయి. ‘బాంబులనీవి నన్ను తరుముకుంటూ వచ్చేయి’ అని నవ్వీవాడు.

ఆయన మన కాంపౌండు దొరసాని దగ్గరకి వెళ్లి, ‘అమ్మా, నాకు నాలుగు అచ్చరాలొచ్చు, మావోల్లకి రేత్రిల్లు సెప్పుకుంటాను, చోటియ్యండి’ అని అడిగేడు. ఆవిడ బండిసాల ఇచ్చింది. దీపంలోకి నూనె మాత్రం మీరే తెచ్చుకోవాలంది. ‘ఎంత పిసినారి మనిషిరా’ అనీవాడు మా తాత, ముసలాడయ్యేదాకా. నాకైతే ఆవిడ చేసిన మంచిపని అదేననిపిస్తుంది. సాయంత్రమయ్యేసరికి ఇంటింటికీ తిరిగి గరిటెడేసి కిరసనాయిలు పోగుచేసీవారు. నూనె పోసినవాడు చదువుకి రాకుండా ఇంట్లో పడుకుంటాడేటి? పడుకోడు. ఆ బండిసాలలోకే స్లీపరు బల్ల చేయించేరు. నెల్లిమర్ల జూట్‌మిల్లులో షిఫ్టు దిగినవాళ్లు, జట్కావాళ్లు, మన వీధి ఆడవాళ్లు చంటిపిల్లల్ని ఒళ్లో వేసుకుని కూచునీవారు.

మా నాన్నమ్మ తన పేరొక్కటే నేర్చుకుంది. ఇంకేం నేర్పినా ‘నాకెందుకురా’ అనీది. జీతాల రోజున వేలిముద్ర వెయ్యమని గుమస్తా సిరాగుడ్డ తోసేడు. ‘సంతకం ఎడతాను బాబూ, కలం ఇయ్యి’ అంది. తన కలం ఆవిడ ముట్టుకుంటుందని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ కొంగుముడి విప్పి తన పెన్సిలు ముక్క తీసింది. పెన్సిలుతో సంతకం చెల్లదన్నాడు. ‘అయితే కలం ఇయ్యి’ అంది మళ్లీ. వెనక మనవాళ్లంతా నిలబడిపోయేరు. చివరికి కలం బల్ల మీద పెట్టి పక్కకి తిరిగేడంట. ఈ కథ ఆవిడ నోట నేను ఎన్నిసార్లు విన్నానో, చెప్పినప్పుడల్లా గుమస్తా ఇంకొంచెం పొట్టివాడయ్యీవాడు.

బైబిల్ స్త్రీ అని ఒకావిడ ఉండీది. తెల్లచీర, నల్లగొడుగు, గుడ్డసంచీ. సంచీలో సువార్త పుస్తకాలు, వాటి కింద టింక్చరు సీసా, దూది, గజ్జి మందు. ఇంటికొస్తే ప్రార్థన చేసే ముందు పిల్లల తలలు, చేతులు, వీపులు చూసీది. మా పిన్ని వీపు మీద తెల్ల మచ్చ చూసింది ఆవిడే. సూదితో గుచ్చితే పిన్నికి తెలీలేదు. ఎవరికీ చెప్పకుండా, తెల్లారగట్ల బస్సులో సాలూరు తీసుకెళ్లింది. సాలూరులో కుష్ఠు మిషన్ వాళ్ల ఆసుపత్రి ఉంది కదా, ఫిలడెల్ఫియా అంటారు, అక్కడికి. అంతకు ముందు తరానికి చాల్‌మోగ్రా నూనె ఇంజక్షన్లే దిక్కు. పిన్ని నాటికి డాప్సోను మాత్రలొచ్చేయి. ఏళ్ల తరబడి మింగింది. వేళ్లు రెండు వంగిపోయేయి గానీ మనిషి బతికి, పెళ్లి చేసుకుని, మనవలనెత్తుకుంది. 1980ల్లో మూడు మందులు కలిపిన అట్టలు వచ్చేక, రోగం ముదరకముందే తగ్గిపోయీది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అప్పట్లో ఈ రోగం ఎంత ఉండీదో మీకు ఊహకందదు. విజయనగరంలోనే కుష్ఠు మిషన్ వాళ్లు ఆ కుటుంబాల పిల్లలకి చేతిపనులు నేర్పే బడి కూడా పెట్టేరు.

పాటల సంగతి చెప్పకపోతే మీ మామ్మ ఊరుకోదు. శనివారం రాత్రి బల్ల గోడకి జరిపి చాపలు వేసీవారు. మద్దెల, కంజీర, తాళాలు. ఎక్కువ పాడింది చౌధరి పురుషోత్తం గారి కీర్తనలే. ఆయన 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టిన బ్రాహ్మడు. శ్రీకాకుళంలో ఒక దొరసాని ఇచ్చిన పుస్తకాలు చదివి, 1833లో కటకంలో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. 1890 దాకా బతికి, వందకి పైగా కీర్తనలు రాసేడు. అన్నీ మన రాగాల్లోనే. బ్రాహ్మల వీధిలో వెనకసందులోంచి వెళ్లే మా నాన్నమ్మ, ఆ బ్రాహ్మడి కీర్తన గొంతెత్తి పాడుతుంటే మద్దెల వాయించేవాడు చెయ్యాపి వినీవాడు. ఇంట్లో మాట్లాడుకునీది ఒరియా కలిసిన మన రెల్లి మాట, పాట దగ్గరకొచ్చేసరికి ఒక్క అక్షరం తడబడీది కాదు.

ఇంత చెప్పేనని అక్కడంతా పాలూ తేనే అనుకోకండి. బల్ల మీద చోటు దొరికింది, గుళ్లో మాత్రం మనం వెనక వరసే. ముందు కిరస్తానీలైన కులాలవాళ్లు ముందు కూచునీవారు. రొట్టె, ద్రాక్షరసం వాళ్లదాకా వెళ్లి తరవాత మన వేపు వచ్చీది. ఆ మాట మా నాన్న ఒకసారి కమిటీలో అడిగితే, ‘ఆత్మలో అందరం సమానమే కదా తమ్ముడూ’ అన్నారంట. ‘అయితే ఆత్మలతో పాటు కుర్చీలు కూడా ఓసారి మార్చుకుందాం’ అని వచ్చేసేడు. రెండేళ్లు గుడికి వెళ్లలేదు. బండిసాలకి మాత్రం ఒక్క రోజు మానలేదు. పెళ్లి సంబంధాల దగ్గరైతే ఇప్పటికీ అదే తంతు, మీరు చూస్తూనే ఉన్నారు.

తట్ట దింపింది ఎవరంటే నేను కుట్టుమిషను పేరే చెప్తాను. పాకీ పని వద్దని సర్కారు చట్టం చేసింది 1993లో, మళ్లీ గట్టిగా చేసింది 2013లో. అప్పటికి మా నాన్నమ్మ లేదు. మా అమ్మ మాత్రం అంతకు చాలా ముందే బండిసాలలో కుట్టు నేర్చుకుంది. నేర్చుకోవడం తేలికే, మన చేతికి రవికగుడ్డ ఎవరిస్తారు? కొలతలు తియ్యాలంటే ముట్టుకోవాలి కదా. ఏడాది పాటు ఒక్క బేరం రాలేదు. అప్పుడు కాంపౌండువాళ్లు ఆసుపత్రుల నుంచి దిండు గలీబులు, దుప్పట్లు, నర్సుల గౌన్లు మాట్లాడి పెట్టేరు. దిండుకి కొలతలు తియ్యక్కర్లేదు. గలీబులు కుట్టి కుట్టి చెయ్యి తిరిగేక, పక్కవీధి వాళ్లు పాత రవిక ఆది కోసం ఇచ్చి పంపడం మొదలెట్టేరు. మనిషిని ముట్టుకోనక్కర్లేదన్నమాట. ఎవరి తెలివి వాళ్లది. నన్ను చదివించింది ఆ గలీబులే.

ఇంక నీ ‘పాలపొడి’ మాట. అది ఎక్కువ విన్నది దుకాణాల్లో కాదు, సర్టిఫికెట్ల దగ్గర. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడన్నారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలుపుకున్నారు. మనల్ని కలపలేదు. మన రాష్ట్రంలో మనకి బి.సి.-సి అని పేరు పెట్టి ఒక్క శాతం ఇచ్చేరు. వెనకసందు మాత్రం అదే, గూట్లో గ్లాసూ అదే. గుడికెళ్లినంత మాత్రాన టీకొట్టువాడు బల్ల మీద కూచోమన్నాడేటి? అందుకని ఒక్కో ఇంట్లో ఒక్కో దారి పట్టేరు. నేను ఉన్నదున్నట్టు రాయించుకుని, ఉజ్జోగానికి ఆరేళ్లు తిరిగేను. మీ చిన్నతాత బడి రిజిస్టర్లో ఒక పేరుతో, గుడి రిజిస్టర్లో ఇంకో పేరుతో ఉన్నాడు. వాడికి వెంటనే పని దొరికింది. నేను వాణ్ణి తప్పు పట్టలేదు, వాడు నన్ను వెర్రివాడనడం మానలేదు.

వాడు పోయేక మీ చిన్నమామ్మ పింఛను కాగితాల కోసం ఒక్కత్తీ ఆఫీసుకెళ్లింది. పొద్దున్న కూచుంటే సాయంత్రం తలుపులు వేసేదాకా కూచుంది. ఇంటికొచ్చి, ‘నన్ను పిలవనేలేదు బావా, వేరేవోల్ల పేరు మూడుసార్లు అరిసేరు, ఆ మనిసి ఎంతకీ రాలేదు’ అంది. ఏ పేరని అడిగేను. చెప్పింది. నలభై ఏళ్లు కాపరం చేసిన మొగుడిదే. ఆ పేరుతో ఆవిడ వాణ్ణి ఎప్పుడూ పిలిచింది లేదు, ఎవరైనా పిలవగా విన్నదీ లేదు. మర్నాడు నేను కూడా వెళ్లి పక్కన కూచున్నాను. గుమస్తా పేరు చదవగానే లెగమని మోచేత్తో పొడిచేను. ‘ఇంత గట్టిగానా’ అని అందరి ముందూ నన్ను తిట్టి, లెగిసి వెళ్లి సంతకం పెట్టింది.