11 సెంటీమీటర్ల గడ్డ
సీటీ గదిలో ఏసీ చలి. అద్దానికి ఇవతల, టెక్నీషియన్ వెనక మీరు నిలబడి ఉన్నారు. అవతల బల్లమీద నలభై దాటిన ఒకావిడ చేతులు తలపైకి చాపి పడుకుంది. పిత్తాశయంలో రాళ్లేమోనని అల్ట్రాసౌండ్ తీయిస్తే, కాలేయం కుడివైపు 11 సెంటీమీటర్ల గడ్డ కనిపించింది. ఆ రిపోర్టు పట్టుకుని ఆమె అన్నయ్య బయట వరండాలో ఒకచోట నిలవలేకపోతున్నాడు. అంత గడ్డంటే క్యాన్సరే అని అతని భయం.

"ఒళ్లంతా వేడిగా అనిపిస్తుందమ్మా, కంగారు పడకండి. ఊపిరి పీల్చి బిగపట్టండి."

సూదిలోంచి మందు వెళ్తోంది. తెర చూడండి. 30 సెకన్లు దాటాయి. గడ్డ నడుమంతా నల్లగానే ఉంది. అంచుల్లో మాత్రం తెల్లటి ముద్దలు, తెగి తెగి. 70 సెకన్లకు ఆ తెలుపు కాస్త లోపలికి జరిగింది. ఇక ఆగాలి. ఎవరూ మాట్లాడరు. అయిదు నిమిషాలకు మరో విడత: మడిలోకి గట్ల పక్కనుంచి నీరెక్కినట్టు, మందు దాదాపు నడుమ దాకా చేరింది.

"హిమాంజియోమా," అంది రేడియాలజిస్టు.

రక్తనాళాలు అల్లుకుపోయిన గడ్డ. కాలేయంలో పుట్టే నిరపాయ గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే, అందులోనూ ఆడవాళ్లలో. కాలేయ క్యాన్సర్ సాధారణంగా మందును ముందే గబగబా పీల్చుకుని, తర్వాతి విడతల్లో చుట్టూ ఉన్న కాలేయం కన్నా నల్లబడిపోతుంది. ఇది పట్టుకున్నది వదల్లేదు.

డాక్టరు గదిలో అన్నయ్య మొదటి ప్రశ్న: "ముక్క పరీక్ష చేయరాండీ?"

"బొమ్మ ఇంత స్పష్టంగా ఉంటే అక్కర్లేదు. నిండా రక్తమున్న గడ్డ, సూది గుచ్చితే కారే ప్రమాదం ఉంది."

డాక్టరు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు చూశాడు. మరీ పెద్ద హిమాంజియోమా అరుదుగా వాటిని తనలోనే ఖర్చు చేసేస్తుంది. ఈమెకు బాగానే ఉన్నాయి. తర్వాత ఆమెవైపు తిరిగాడు. "గర్భం రాకుండా మాత్రలు ఎప్పుడైనా వాడారామ్మా?"

లేదంది. అడినోమా అనే ఇంకో నిరపాయ గడ్డకు ఆ మాత్రలతో సంబంధం ఉంది. అది 5 సెంటీమీటర్లు దాటితే లోపలే రక్తస్రావం కావచ్చు, కొన్ని క్యాన్సరుగానూ మారొచ్చు. మగవాళ్లలో అయితే చిన్నదైనా తీసేయమంటారు. అంటే 6 సెంటీమీటర్ల అడినోమాకు కత్తి పట్టే సర్జనే, 11 సెంటీమీటర్ల ఈ గడ్డను ముట్టుకోకపోవచ్చు. అందుకే రోగి చెవిన ముందు పడాల్సింది గడ్డ పేరు, కొలత తర్వాత చెప్పొచ్చు. మన రిపోర్టులు కొలతతోనే భయపెడుతున్నాయి.

"కొంచెం తినగానే కడుపు నిండిపోతోందా? నొప్పి?"

"అప్పుడప్పుడు కుడిపక్క బరువుగా ఉంటుందండి, అంతే."

"దానికి ఆపరేషన్ వద్దు. బాగా పెరిగి బాధ పెడితే అప్పుడు గడ్డవరకే ఒలిచి తీయొచ్చు. ఆరు నెలలకు మళ్లీ స్కాన్ చేద్దాం. ఈ ఫిల్ములు పారేయకండి, పక్కపక్కన పెట్టి పోల్చాలి."

"పథ్యం ఏమైనా ఉందాండీ?"

"ఏమీ లేదమ్మా, మామూలుగా తినండి. పసరు మందులు మాత్రం మింగొద్దు. వాటికి ఈ గడ్డ కరగదు, బాగున్న కాలేయం దెబ్బతినొచ్చు."