నాయనమ్మ బీపీ బిళ్ల: ఒక చిన్న బిళ్ల వెనక పెద్ద చరిత్ర

ఈరోజు ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. మీ ఇంట్లో ఫ్రిజ్ మీదో, టీవీ పక్కన ప్లాస్టిక్ డబ్బాలోనో ఒక మందుల షీటు ఉంటుంది చూడండి. బీపీ బిళ్ల. దాని కథ చెప్తాను.

ముందు మా ఇంటి సంగతి. మా నాయనమ్మ బీపీ బిళ్ల రోజు విడిచి రోజు వేసుకునేది. మాకెవరికీ తెలీదు. నెలకి తెచ్చిన మందులు రెండు నెలలు వస్తుంటే, ఇంకా ఉన్నాయిలే అనుకునేవాళ్లం. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి ఆవిడ మూతి ఒక పక్కకి పోయింది, కుడి చెయ్యి లేవలేదు. పక్షవాతం. ఆసుపత్రిలో డాక్టర్ గారు "మందులు రోజూ వేస్తున్నారా అమ్మా?" అని అడిగితే, తడబడే మాటతోనే నిజం చెప్పింది. "రోజుకొకటి మింగితే మీ నాన్నకి భారం కదా నాన్నా."

ఆ తర్వాత నాకు తెలిసిన విషయం ఇంకా బాధపెట్టింది. ఆవిడ మిగుల్చుకున్న ఆ బిళ్ల, అదే మందు, అదే మోతాదు, మా ఊరి పక్కన ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో ఉచితంగా ఇస్తున్నారు. మాకు ఒక్కరికీ తెలీదు.

ఆరోజు నుంచి నాకొక ప్రశ్న. ప్రపంచానికే చవకగా మందులు అమ్మే దేశంలో, మా నాయనమ్మ బిళ్ల ఎందుకు మిగుల్చుకోవాల్సి వచ్చింది? జవాబు వెతుక్కుంటూ పోతే చాలా వెనక్కి వెళ్లాల్సి వచ్చింది. రండి, వెళ్దాం.

1949. బొంబాయి. రుస్తుం జాల్ వకీల్ అనే గుండె డాక్టర్ మన సర్పగంధ వేరుతో బీపీ తగ్గుతోందని, తన పేషెంట్ల మీద చూసిన ఫలితాలతో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వ్యాసం రాశారు. అప్పటికి ప్రపంచంలో బీపీకి చెప్పుకోదగ్గ మందులు చాలా తక్కువ. ఈ వ్యాసంతో ప్రపంచం మన వేరు వైపు చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ వేరు నుంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. 1957లో వకీల్ గారికి లాస్కర్ అవార్డు వచ్చింది.

మొక్క మనది, దాని వాడకం మనది, వ్యాసం రాసిన డాక్టర్ మనవాడు. కానీ ఆ వేరు నుంచి రిసర్పిన్‌ని వేరుచేసింది మాత్రం విదేశీ కంపెనీ. మందు గురించి తెలిసి ఉండటం వేరు, దాన్ని తయారుచేసే హక్కు, శక్తి ఉండటం వేరు. అసలు గొడవంతా ఇక్కడే మొదలైంది.

అప్పట్లో మన దేశంలో నడుస్తున్నది 1911 నాటి బ్రిటిష్ కాలపు పేటెంట్ చట్టం. విదేశీ కంపెనీ పేటెంట్ తీసుకుంటే, ఇక్కడ ఇంకెవరూ ఆ మందు జోలికి పోవడానికి లేదు. బయటి నుంచి తెచ్చి, వాళ్లకి నచ్చిన ధరకి అమ్మేవారు. స్వాతంత్ర్యం వచ్చాక ఈ చట్టాన్ని ఏం చెయ్యాలో చెప్పమని ప్రభుత్వం జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్‌ని అడిగింది. ఆయన 1959లో రిపోర్ట్ ఇచ్చారు. మన దేశంలో పేటెంట్లు ఎక్కువగా విదేశీయుల చేతిలోనే ఉన్నాయి, వాటిలో చాలావాటితో ఇక్కడ ఉత్పత్తే జరగడం లేదు అని తేల్చారు. ఆ రిపోర్ట్ పునాది మీద వచ్చిందే 1970 పేటెంట్ల చట్టం. 1972 ఏప్రిల్ 20న అమల్లోకి వచ్చింది.

ఆ చట్టం ఏం మార్చిందో సింపుల్‌గా చెప్తాను. పులిహోర అనుకోండి. పాత చట్టం ప్రకారం నేను పులిహోర మీదే పేటెంట్ తీసుకోవచ్చు. అంటే మీరెవరూ పులిహోర చెయ్యకూడదు. కొత్త చట్టం ఏమంది? మందుల విషయంలో వస్తువు మీద పేటెంట్ లేదు, చేసే పద్ధతి మీద మాత్రమే ఉంటుంది అంది. నేను చింతపండుతో చేస్తే మీరు నిమ్మకాయతో చేసుకోవచ్చు. ఆ పద్ధతి మీద హక్కు కూడా గరిష్ఠంగా 7 ఏళ్లే.

దీని వెనక గుండె మందు కథ కూడా ఒకటుంది. ప్రొప్రనొలాల్. బ్రిటన్‌లో ఐసీఐ అనే కంపెనీలో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1960లలో కనిపెట్టిన మందు. గుండె మీద భారం తగ్గిస్తుంది. తర్వాత 1988లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. ఈ మందుని మన సిప్లా కంపెనీ ఇక్కడ తయారుచేస్తే ఐసీఐ అభ్యంతరం చెప్పింది. అప్పుడు ఈ విషయం ప్రధాని ఇందిరాగాంధీ దాకా తీసుకెళ్లామని సిప్లా యూసుఫ్ హమీద్ తర్వాతి కాలంలో చెప్పుకొచ్చారు.

సరే, చట్టం వచ్చింది. తయారుచేసేవాళ్లు కావాలి కదా? ఇక్కడే మన హైదరాబాద్ వస్తుంది.

1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ అనే సంస్థ పెట్టింది. సోవియట్ యూనియన్ సాయం చేసింది. రిషికేశ్‌లో యాంటీబయాటిక్స్, హైదరాబాద్ బాలానగర్‌లో సింథటిక్ మందులు. ఈ బాలానగర్ ఫ్యాక్టరీ మందులతో పాటు మనుషుల్ని కూడా తయారుచేసింది. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజినీర్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. వాళ్లలో ఒకరు గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు ఇంట్లో పుట్టిన కల్లం అంజిరెడ్డి. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఆ కంపెనీ తొలి రోజుల్లో చేసిన మందుల్లో ఒకటి మిథైల్‌డోపా. అది దేనికో తెలుసా? బీపీకే. గర్భిణులకి బీపీ వస్తే డాక్టర్లు ఇప్పటికీ వాడే మందు.

అంటే 1949లో వేరు దగ్గర ఆగిపోయిన మనం, నలభై ఏళ్లు తిరక్కుండానే బీపీ మందు సొంతంగా చేసి విదేశాలకి అమ్మే స్థాయికి వచ్చాం.

మరి ఇంత జరిగాక మందులు అందరికీ అందాలి కదా? ఇక్కడే ట్విస్ట్.

చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గర ధర తగ్గించింది. ఫ్యాక్టరీ నుంచి నాయనమ్మ డబ్బా దాకా ఉన్న దారిలో మాత్రం ఇంకో గోడ లేచింది. దాని పేరు బ్రాండ్. ఒకే ఆమ్లోడిపిన్, అదే 5 మిల్లీగ్రాములు, ఎన్నో పేర్లతో, ఎన్నో ధరలతో ఉంటుంది. పేరు రాసేది డాక్టర్. డబ్బు కట్టేది మనం. ఎంచుకునేది మనం కాదు. షర్టు కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతాం, మందు దగ్గర తిరగం, ఎందుకంటే చీటీ మీద ఏం రాశారో మనకి అర్థమే కాదు.

ఈ సమస్య ఇవాళ కనిపెట్టింది కాదు. 1975లోనే జైసుఖ్‌లాల్ హాథీ కమిటీ, బ్రాండ్ పేర్లు దశలవారీగా తీసేసి మందు అసలు పేరుతోనే అమ్మాలని సిఫార్సు చేసింది. అది పూర్తిగా జరగలేదు. 2023 ఆగస్టులో నేషనల్ మెడికల్ కమిషన్ డాక్టర్లు జెనరిక్ పేరే రాయాలని రూల్స్ తెచ్చింది. నాణ్యత మీద భరోసా ఏదని డాక్టర్ల సంఘాలు అడిగాయి. అదే నెలలో ఆ రూల్స్‌ని పక్కన పెట్టారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పేరు మారిస్తే సరిపోదు, ప్రతి బ్యాచ్‌కీ సరైన పరీక్ష ఉండాలి. కానీ దాదాపు యాభై ఏళ్ల తేడాతో అదే చర్చ మళ్లీ అక్కడికే వచ్చి ఆగిందంటే ఆలోచించండి.

పైగా 2005 నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం ప్రకారం వస్తువు మీద పేటెంట్ మళ్లీ వచ్చింది. పులిహోర మీద మళ్లీ తాళం. అందుకే గుండె ఫెయిల్యూర్‌కి వాడే శాకుబిట్రిల్, వల్సార్టన్ కలిసిన మందు చాలాకాలం ఖరీదుగా ఉండి, 2023లో పేటెంట్ గడువు ముగిశాకే చాలా కంపెనీలు చేసి ధర దిగింది.

ఈ గోడలో కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. వాటి చరిత్రే మనకి పనికొచ్చే చరిత్ర.

మొదటిది ధరల నియంత్రణ. 1997లో ఎన్‌పీపీఏ అనే సంస్థ వచ్చింది. అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర పెడుతుంది. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్, అటోర్వాస్టాటిన్, క్లోపిడోగ్రెల్ ఈ జాబితాలోవే. 2017 ఫిబ్రవరిలో లక్ష రూపాయలు దాటి కూడా వసూలు చేస్తున్న గుండె స్టెంట్ల మీద ఇదే సంస్థ సీలింగ్ పెట్టింది: మందు పూత ఉన్నదానికి 29,600, మామూలు లోహపు స్టెంట్‌కి 7,260 రూపాయలు, పన్నులు అదనం. ఒకటి గమనించండి, రెండు మూడు మందులు ఒకే బిళ్లలో కలిపిన బీపీ మందులు చాలావరకు ఈ జాబితాలో ఉండవు.

రెండోది జనౌషధి. మొదటి షాపు 2008 నవంబర్‌లో అమృత్‌సర్‌లో తెరిచారు. 2023 చివరికి దేశంలో షాపులు 10,000కి చేరాయి. బ్రాండ్ లేకుండా, మందు పేరుతోనే అమ్ముతారు. చాలా మందులు సగం ధరకే, కొన్ని ఇంకా తక్కువకే దొరుకుతాయి.

మూడోది అన్నిటికన్నా దగ్గరిది, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం. దేశంలో బీపీ నియంత్రణ కోసం మొదలుపెట్టిన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆలోచన చాలా చిన్నది: బీపీ చూడు, పేరు రాసుకో, నెలకి సరిపడా మందు ఊరి దగ్గరే ఇవ్వు, మళ్లీ పిలువు.

మరి ఆరోగ్యశ్రీ? 2007లో మూడు జిల్లాల్లో మొదలైన ఆ పథకం గుండె ఆపరేషన్ల భారం తీసింది. కొన్ని చికిత్సల తర్వాత ఏడాది పాటు ఫాలో-అప్ మందులు కూడా ఇస్తుంది. కానీ రోజూ వేసుకునే మామూలు బీపీ బిళ్ల కోసం పెట్టింది కాదు. ఇది తెలీక చాలామంది "కార్డు ఉంది కదా" అని ఊరుకుంటారు.

ఇప్పుడు మీ పని. ఫోన్ మీ చేతిలోనే ఉంది. ఇంట్లో ఉన్న మందుల షీటు తిప్పి చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది బ్రాండ్, దాని దగ్గర చిన్న అక్షరాల్లో ఉన్నదే మందు అసలు పేరు. దాన్ని ఎన్‌పీపీఏ వాళ్ల ఫార్మా సహీ దామ్ యాప్‌లో కొట్టండి, ధర తెలుస్తుంది. జనౌషధి సుగమ్ యాప్‌లో కొట్టండి, దగ్గర్లో షాపు ఎక్కడుందో తెలుస్తుంది. తర్వాత డాక్టర్ గారిని మొహమాటం లేకుండా అడగండి: "ఇదే మందు, ఇదే మోతాదు, తక్కువ ధరలో వాడొచ్చా సార్?" అడగడం తప్పు కాదు. మీ అంతట మీరు మాత్రం మందు మార్చకండి, ఆపకండి. కొన్ని బిళ్లలు మెల్లగా కరిగేలా చేసినవి, వాటిని విరిచి సగం వేసుకోకూడదు.

ఇంకో ముఖ్యమైన పని. ఈ రాత్రి ఇంట్లో పెద్దవాళ్ల షీటులో బిళ్లలు లెక్కపెట్టండి. తెచ్చిన తేదీకీ మిగిలినవాటికీ లెక్క కుదరకపోతే తిట్టకండి. డబ్బు గురించి భయపడుతున్నారా అని మెల్లగా అడగండి.

మా నాయనమ్మ ఇప్పుడు ఎడమ చేత్తో తింటోంది. బిళ్ల మాత్రం రోజూ వేసుకుంటోంది. నెలకోసారి నేనే హెల్త్ సెంటర్‌కి వెళ్లి తెస్తాను. మొదటిసారి తెచ్చి చేతిలో పెట్టినప్పుడు ఆవిడ అడిగిన మాట ఒక్కటే.

"ఎంతయింది నాన్నా?"

ఏమీ కాలేదు నాయనమ్మా అన్నాను. నమ్మలేదు. షీటు తిప్పి తిప్పి చూసింది.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.